పిడుదులు ఉండేది గోడలో: ఇంటి కుక్కల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ పిడుదుల గురించే వచ్చాయి. అందుకే మొదటి జవాబుకు కాస్త ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడేళ్లు. ప్రతి ఆదివారం పిడుదుల షాంపూతో స్నానం చేయిస్తాం. ఒక్కొక్కటీ ఏరి కిరసనాయిల్లో వేస్తాం. బుధవారానికల్లా చెవుల్లో, వేళ్ల సందుల్లో మళ్లీ తయారు. ఉబ్బినవి గోడ మీద పైకి పాకుతున్నాయి కూడా. ఇంకేం చేయాలండీ?
(పాఠకురాలు, గుంటూరు)

జవాబు: గోడ మీద పాకుతున్నాయని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మన ఇళ్లలో కుక్కలకు పట్టేది గోధుమరంగు పిడుదు. కొన్ని జిల్లాల్లో గోమారి అంటారు. గుడ్డులోంచి ఆరు కాళ్ల పిల్ల వస్తుంది. అది కుక్కనెక్కి కొన్నాళ్లు నెత్తురు తాగి దిగిపోతుంది. ఏదో సందులో దాక్కుని పొర విడిచి, ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ తాగుతుంది, దిగుతుంది, పొర విడుస్తుంది, పెద్దదై ఇంకోసారి ఎక్కుతుంది. ఆడది కడుపునిండా తాగి శెనగగింజంత అయ్యాక దిగి, గోడ పగులులోనో తలుపు చట్రం వెనకో దూరి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. దాని బతుకులో ఎక్కువ రోజులు గడిచేది మీ గోడల్లో, మంచం కోళ్ల సందుల్లో. ఆదివారం మీరు ఏరేసేవి ఆ పూటకు కుక్క మీదున్నవి మాత్రమే. షాంపూ మందు నీళ్లతోపాటే చాలామటుకు కొట్టుకుపోతుంది, సోమవారం ఎక్కేవాటికి అడ్డేమీ ఉండదు.

కుక్కకూ ఇంటికీ ఒకేసారి వైద్యం చేస్తే తప్ప ఇది తెగదు. కుక్కకైతే నోటి మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. అఫాక్సోలానర్ మాత్ర నెలకొకటి, ఫ్లురలానర్ మాత్ర సుమారు 12 వారాలకొకటి. బరువును బట్టి మాత్ర మారుతుంది కాబట్టి ముందు తూకం వేయండి. కుక్కను ఎత్తుకుని తూకం మిషనెక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడాయే దాని బరువు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ మాత్ర నెత్తురులో ఉండి, కరిచిన పిడుదును చంపుతుంది. అందుకని మాత్ర వేశాక కూడా అక్కడొకటి ఇక్కడొకటి కనబడతాయి. మందు పనిచేయలేదని కంగారుపడకండి.

మాత్ర వద్దనుకుంటే మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కల మందు ఉంది. వెంట్రుకలు పాయతీసి చర్మం కనిపించాక దాని మీదే పిండాలి. వెంట్రుకల మీద పోస్తే దండగ. వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం చేయించకూడదు. చర్మంలోని నూనె ద్వారానే ఈ మందు ఒళ్లంతా పాకుతుంది, షాంపూ ఆ నూనెనే కడిగేస్తుంది. ఈ మందు పనిచేయడం లేదనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. ఇంట్లో ఎన్ని కుక్కలుంటే అన్నిటికీ ఒకే రోజు వేయండి. పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు గడప దాటనివ్వకండి. పిల్లి ప్రాణానికే ముప్పు.

ఇక ఇల్లు. గోడ పగుళ్లు, మెట్ల కింది సందులు, చట్రాల అంచులు వ్యాక్యూమ్‌తో లాగి, తెల్ల సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చండి. కుక్క పక్కగుడ్డలు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పురుగుమందు కొట్టిస్తే తడి పూర్తిగా ఆరేదాకా కుక్కను ఆ గదుల్లోకి రానివ్వకండి. గుడ్లు ఆ మందుకు చావవు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టించాలి. మొత్తం మీద మూడు నెలలు ఓపిక పట్టాలి. నెలకే ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

ఏరేటప్పుడు ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా తిన్నగా పైకి లాగి స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి. వేళ్లతో నలపకండి. కిరసనాయిలు కుక్క ఒంటికి మాత్రం తగలనివ్వకండి. చర్మం మండుతుంది, నాకితే వాంతులవుతాయి.

మరొక్క మాట, ఇది అశ్రద్ధ చేయొద్దు. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి నెత్తురు వచ్చినా, పొట్ట మీద ఎర్రచుక్కలు లేచినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. పిడుదుల జ్వరం కావచ్చు. అందులో ఎర్లీషియా రకమైతే డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు వాడమంటారు. ఐదో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది కదా అని మాత్రలు ఆపేస్తారు, జ్వరం తిరగబెడుతుంది. పరగడుపున వేస్తే కక్కేస్తుంది, అన్నం పెట్టాకే వేయండి.

ప్రశ్న: రెండున్నర నెలల పిల్లను తెచ్చుకున్నాం. మేడ మీద అరగంట తిప్పినా మూత్రం పోయదు. కిందికి తేగానే సరిగ్గా పూజగది ముందు పోస్తుంది. అత్తయ్య చాలా నొచ్చుకుంటున్నారు. పోసినచోట ముక్కు రుద్దితే మానుతుందని పక్కింటివాళ్లు చెబుతున్నారు, నిజమేనా?
(పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ముక్కు మాత్రం రుద్దకండి. దానికి అర్థమయ్యేది 'ఇంట్లో పోయకూడదు' అని కాదు, 'మనుషులు చూస్తుండగా పోయకూడదు' అని. రేపటి నుంచి సోఫా వెనక పోస్తుంది, బయట మీ ముందు మరీ బిగబట్టుకుంటుంది.

ఈ వయసులో ఎంత బిగబట్టినా మూడు గంటలకు మించి ఆపుకోలేదు. మెలకువగా ఉంటే గంట, గంటన్నరే. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకు, ఆట ఆపగానే, రాత్రి పడుకోబోయే ముందు తీసుకెళ్లండి. మేడ మీద అరగంట తిప్పడం దానికి షికారు. వాసనలు చూసుకుంటూ అసలు పని మరిచిపోతుంది. అందుకని బెల్టు వేసి రోజూ ఒకే మూలకు తీసుకెళ్లి, ఆడించకుండా, మాట్లాడకుండా ఐదు నిమిషాలు నిలబడండి. పోయడం పూర్తయిన క్షణంలో, అక్కడే, చిటికెడు ఉడికిన గుడ్డో పనీరు ముక్కో నోటికందించండి. కిందికొచ్చాక పెడితే మెట్లు దిగినందుకు పెట్టారనుకుంటుంది. ఆ తర్వాతే ఆట. పోయగానే లోపలికి లాక్కొస్తే ఆట పోతుందని ఆపుకోవడం నేర్చుకుంటుంది. ఐదు నిమిషాలైనా పోయకపోతే కిందికి తెచ్చి వదిలేయకండి. ఒళ్లో పెట్టుకోండి, పది నిమిషాలకు మళ్లీ తీసుకెళ్లండి.

పూజగది ముందు పాత వాసన ఉండిపోయి ఉంటుంది. ఫినాయిల్ మన ముక్కును కప్పిపుచ్చగలదు గాని దాని ముక్కును కాదు. పొడిగుడ్డతో అద్ది, సబ్బునీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి పావుగంట వదిలి తుడవండి. గుమ్మానికి మోకాలెత్తు చెక్క అడ్డం పెడితే అత్తయ్యగారికీ మనశ్శాంతి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపకపోవడమే మంచిది. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

ప్రశ్న: మేము శాకాహారులం. మా నాటు కుక్కకు రెండు పూటలా పెరుగన్నమే. ఇష్టంగా తింటుంది, కానీ బొచ్చు గరుకుగా అయింది.
(పాఠకుడు, తెనాలి)

జవాబు: పెరుగన్నం తప్పు కాదు, అదొక్కటే పెట్టడం తప్పు. అందులో అన్నం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. జింకు, కొవ్వు ఆమ్లాలు సరిపోవు, బొచ్చు గరుకుబారడానికి ఇదొక కారణం. మాంసం వద్దనుకుంటే 'సంపూర్ణాహారం' అని రాసి ఉన్న శాకాహార కుక్కల తిండి దొరుకుతుంది. దాన్ని వారం పది రోజుల్లో పెరుగన్నం తగ్గిస్తూ కొంచెం కొంచెంగా కలపండి. ఒక్కసారి మారిస్తే విరేచనాలవుతాయి. గుడ్డుకు అభ్యంతరం లేకపోతే ఉడకబెట్టి పెట్టండి.

అన్నం మిగిలింది కదా అని సాంబారు, పులుసు కలపకండి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, ఉడికినవైనా, పొడి చేసినవైనా కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. కొన్ని రోజులు పోయాకే బయటపడుతుంది కాబట్టి ఎవరూ సాంబారును అనుమానించరు. కిస్మిస్ మూత్రపిండాలను పాడుచేయగలదు, పాయసం గిన్నె నాకనివ్వకండి. చాక్లెట్ కూడా విషమే. మామిడికాయల రోజుల్లో టెంక చెత్తబుట్టలో మూతవేసి ఉంచండి. మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళుతుంది.

ప్రశ్న: ఆడుతుంటే మా పదేళ్ల బాబు చేతికి మా కుక్క పన్ను గీసుకుని చుక్క నెత్తురు వచ్చింది. దానికి ఏటా టీకా వేయిస్తాం. బాబుకు ఇంజెక్షన్లు కావాలా?
(పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. తర్వాత అయోడిన్ మందు రాయండి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏవీ వద్దు. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నెత్తురు వచ్చిందంటే దాన్ని మూడో తరగతి గాయంగా లెక్కిస్తారు. రేబిస్ టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాల్సి రావచ్చు. చర్మంలో వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేసేది 0, 3, 7, 14, 28 రోజుల్లో. 0 అంటే మొదటి విడత వేసిన రోజు. బాబుకు ఇంతకుముందే పూర్తి కోర్సు అయి ఉంటే 0, 3 రోజుల్లో రెండు విడతలు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. కుక్క టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. కుక్కను పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించండి. పదో రోజుకూ అది ఆరోగ్యంగా ఉంటే మిగతా విడతల సంగతి డాక్టరు చెబుతారు. ఆ పది రోజులూ ఏమీ చేయకుండా ఎదురుచూడకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.

బాబును ఉత్త చేతులతో ఆడించవద్దనండి. తాడు ముక్కో బంతో ఉండాలి. పన్ను చేతికి తగిలిన క్షణంలో ఆట ఆపి అక్కణ్నించి లేచిపోవాలి.

ప్రశ్న: కుక్కను లిఫ్టులో ఎక్కించకూడదని మా అపార్ట్‌మెంట్ సంఘం తీర్మానించింది. మాది ఆరో అంతస్తు.
(పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. మెజారిటీ తీర్మానంతోనైనా పెంపుడు జంతువులను నిషేధించడం, లిఫ్టులోకి రానివ్వకపోవడం కుదరదని వాటిలో ఉంది. ఆ ప్రతి జతచేసి సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి. మున్సిపల్ లైసెన్సు, టీకా కార్డు నకళ్లూ జతచేయండి. అయితే కుక్కంటే నిజంగా భయపడేవాళ్ల సంగతీ మనం పట్టించుకోవాలి. లిఫ్టులో ఎవరైనా ఉంటే మీరు తర్వాతి దానిలో వెళ్లండి. ఎక్కాక కుక్కను మూలకు కూర్చోబెట్టి, దానికీ తలుపుకూ మధ్య మీరు నిలబడి, బెల్టు మూరెడుకు మించి వదలకండి. మలం ఎత్తే సంచీ లేకుండా బయటికి రాకండి.

ప్రశ్న: ఆఫీసు నుంచి రాగానే మా గోల్డెన్ రిట్రీవర్ నా చెప్పు నోట కరుచుకుని ఇల్లంతా గిరగిరా తిరుగుతుంది. కొరకదు, ఇవ్వమంటే ఇవ్వదు. ఏమైనా జబ్బా?
(పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: జబ్బు కాదండీ, సంతోషం. వేటలో కొట్టిన పక్షిని నలపకుండా నోట పట్టి తేవడానికి తీర్చిదిద్దిన జాతి అది. మిమ్మల్ని చూసిన ఆనందం పట్టలేక ఏదో ఒకటి నోట పట్టాలనిపిస్తుంది. మీ వాసన అన్నిటికన్నా గాఢంగా ఉన్నది చెప్పుకే కదా! వెంటపడి లాక్కోకండి, అప్పుడది దొంగాట అవుతుంది. గుమ్మం దగ్గర ఒక పాత గుడ్డబొమ్మ ఉంచి, రాగానే అందించండి. నున్నటి టైల్స్ మీద మలుపు తిరిగేచోట మాత్రం పట్టా పరవండి.

ప్రశ్న: మా కుక్కకు పదమూడేళ్లు. టైల్స్ మీద వెనక కాళ్లు జారిపోతున్నాయి. రాత్రిళ్లు లేచి తిరుగుతుంది, పిలిస్తే వినపడదు. నాన్నగారికి అదంటే ప్రాణం. 'పాపం బాధపడుతోందేమో' అని రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
(పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ముందు నేల సంగతి. అది పడుకునే చోటు నుంచి నీళ్లగిన్నెకు, అక్కణ్నించి తలుపుకు జారని రబ్బరు పట్టాలు వరసగా పరవండి. మధ్యలో అడుగు ఖాళీ ఉన్నా అక్కడే ఆగిపోతుంది. అరికాళ్ల మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి. ముసలి కుక్కలు నడక తగ్గించడంతో గోళ్లు అరగవు. నేలకు తగిలే గోరు పాదాన్ని పైకి నెడుతుంది, జారేది అందుకే. నల్లటి గోళ్లలో నరం కనబడదు కాబట్టి వారానికోసారి చివర సన్నగా మాత్రమే కత్తిరించండి.

మెట్ల దగ్గర పొడవాటి తువ్వాలును పొట్ట కింద, వెనక కాళ్లకు కాస్త ముందుగా వేసి రెండు చివరలూ పైకి పట్టుకోండి. మీరు ఎత్తక్కర్లేదు, నడుం కుంగకుండా ఆసరా ఇస్తే చాలు. ఒక పెద్ద నడక బదులు పది నిమిషాలవి మూడు. రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి. వెనక నుంచి ముట్టుకోకండి, ముందు అరికాలితో నేల మీద తట్టండి, ఆ అదురుకు తలెత్తుతుంది. నొప్పులకు ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి, కుక్కలకు ప్రమాదం. వాటికి వేరే మందులున్నాయి. నీళ్లు మునుపటికన్నా ఎక్కువ తాగుతుంటే మూత్రపిండాల పరీక్ష చేయించండి. ఈ వయసులో ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష తప్పనిసరి అనుకోండి.

నాన్నగారి ప్రశ్నకు ఒక్క పూట చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. ఆయన చేతికే ఒక క్యాలెండరు, పెన్ను ఇవ్వండి. ఈ రోజు తనంతట తాను లేచిందా, ఇష్టంగా తిన్నదా, ఆయన దగ్గరికి వెళితే తోక కదిలిందా అని మూడే చూడమనండి. మూడూ ఉన్న రోజుకు టిక్కు, లేని రోజుకు సున్న. నెలయ్యాక కుక్కతోపాటు నాన్నగారినీ, ఆ క్యాలెండరునూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.