వ్యాసంలో సుత్తి చప్పుడు వినబడాలి

చిరంజీవికి ఆశీస్సులు.

లోహాలు, అలోహాల మీద పిల్లల కోసం నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. తప్పులు లేవు. రేకులుగా సాగే స్తరణీయత, తీగలుగా సాగే తాంతవత, మెరిసే ద్యుతిగుణం, మోగే ధ్వనిగుణం అన్నీ వరసగా ఉన్నాయి. కానీ వ్యాసం మొత్తంలో ఎవరూ సుత్తి ఎత్తలేదు. నా బాధంతా అదే.

"లోహాలను కొడితే రేకులవుతాయి, అలోహాలు పొడి అవుతాయి" అని రాశావు. కొట్టేది ఎవరు? కొడుతూనే ఉంటే ఏమవుతుంది? ఈ రెండో ప్రశ్నకు నాకు జవాబు దొరికింది జనగామ జిల్లా పెంబర్తిలో. ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే ఊరది. ఒక పెద్దాయన కాసేపు కొట్టి, రేకును కాల్చి, మళ్లీ కొడుతున్నారు. ఎందుకని అడిగాను. "దెబ్బలు తిని బిరుసెక్కింది. ఇంకా కొడితే చీలిపోతుంది" అన్నారు. అప్పటిదాకా నేను కూడా స్తరణీయతను లోహానికి పుట్టుకతో వచ్చి, ఎప్పటికీ తరగని గుణంగానే రాస్తూ వచ్చాను. అది దెబ్బ దెబ్బకూ తరిగిపోతుందనీ, నిప్పు దాన్ని తిరిగి తెస్తుందనీ ఆయన దగ్గరే తెలిసింది.

ఎందుకలా? దీన్ని పిల్లలకు తప్పకుండా చెప్పు. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా అన్నిటి మధ్యా తిరుగుతుంటాయి. అందుకే పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారినా వాటి మధ్య బంధం తెగదు. పొరంతా ఒక్కసారిగా జారదు కూడా. పెద్ద చాపను జరపాలంటే ఒక చివర మడత లేపి, ఆ మడతను అవతలి చివరకు తోస్తాం చూడు, అలా పేర్పులోని ఒక చిన్న లోపం ముందుకు పాకుతుంది. 1934లో టేలర్, ఒరొవాన్, పొలాని అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఈ సంగతి పట్టుకున్నారు. కొట్టేకొద్దీ ఇలాంటి లోపాలు ఎక్కువై ఒకదానికొకటి అడ్డుపడతాయి. పెద్దాయన చెప్పిన బిరుసు అదే. కాల్చినప్పుడు పరమాణువులు కొత్తగా సర్దుకుని దారి ఇస్తాయి. అలోహమైన గంధకం సంగతి వేరు. ఎనిమిదేసి పరమాణువుల ఉంగరాలు ఒకదానికొకటి బలహీనంగా అంటుకుని ఉంటాయి కాబట్టి ఒక్క దెబ్బకే రాలిపోతుంది.

బంగారం గురించి "అత్యంత స్తరణీయ లోహం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. గ్రాము బంగారం ఎంతుంటుంది? పెసరగింజ కంటే కాస్త పెద్దది. దాన్ని సాగగొడితే దాదాపు ఒక చదరపు మీటరు రేకు వస్తుంది. అంత పలుచని రేకును దీపానికి అడ్డం పెడితే ఆకుపచ్చ వెలుగు ఇవతలికి వస్తుంది. ఇది చదివిన పిల్ల ఆ గుణం పేరేమిటని తనే అడుగుతుంది. పేరు అప్పుడు చెప్పు. పరీక్షకు ఆ పేరు కావాలి, వద్దనను. తాంతవతకైనా అంతే. ముందు కమ్మచ్చు కనబడాలి, చిన్నవవుతూ పోయే దాని రంధ్రాల్లోంచి స్వర్ణకారుడు తీగను ఒక్కో రంధ్రం దాటిస్తూ లాగడం కనబడాలి.

మరో మాట. లోహాలన్నీ సాగుతాయి, మోగుతాయి అని రెండింటినీ ఒకే వాక్యంలో కట్టేశావు. కంచు మోగినట్లు కనకం మోగదని మన పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా! మెత్తని మేలిమి బంగారం కంపనాన్ని తనలోనే అణచుకుంటుంది. రాగిలో అయిదో వంతు తగరం కలిస్తే వచ్చే గంట కంచు గట్టిగా, బిరుసుగా ఉంటుంది. అందుకే ఖంగున మోగుతుంది, అందుకే పైనుంచి పడితే పగులుతుంది. సాగేదానికీ మోగేదానికీ మధ్య ఉన్న ఈ తగాదా నీ వ్యాసంలో అన్నిటికంటే మంచి పేరా కావలసింది.

కత్తితో కోయగల సోడియం, గది వేడికే ద్రవంగా ఉండే పాదరసం, మెరిసే అయొడిన్, విద్యుత్తును పోనిచ్చే గ్రాఫైటు. వీటన్నిటినీ చివర "మినహాయింపులు" అనే పెట్టెలో మూసేశావు. పైకి తీసుకురా.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. కాస్త లావుపాటి ఒంటిపోగు రాగి తీగ తీసుకుని వేళ్లతో వంచు. మళ్లీ సాపు చెయ్యబోతే మొదటి వంపు అలాగే నిలబడి, దాని పక్కన కొత్తగా వంగుతుంది. నీ వేళ్లకు ఏం తెలిసిందో ఆ వాక్యంతో వ్యాసం మొదలుపెట్టి నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.