ఇంజెక్షన్ మందు సిరంజిలోకి తీసేటప్పుడు వయల్‌లోకి (మందు సీసాలోకి) ముందు గాలి ఎందుకు ఎక్కిస్తారు? ఆంప్యూల్‌కు (మెడ విరిచి తెరిచే చిన్న గాజు బుడ్డికి) ఆ పని ఎందుకు ఉండదు?

వయల్ మూతికి రబ్బరు బిరడా బిగించి ఉంటుంది కాబట్టి బయటి గాలి లోపలికి పోదు. 2 మి.లీ. మందు లాగితే లోపల పీడనం పడిపోతుంది, ప్లంజర్‌ను (సిరంజిలో లాగే కడ్డీని) వదలగానే అది మళ్లీ లోపలికి జారుతుంది. అందుకే తీయాల్సిన మందు ఎంతో అంత గాలి ముందే ఎక్కిస్తారు. అంతకు మించితే సూది తీసేటప్పుడు మందు చిమ్ముతుంది. ఆంప్యూల్ మెడ విరవగానే తెరుచుకుంటుంది, గాలితో పనిలేదు. అక్కడి చిక్కల్లా గాజు రజనుతోనే. ఆ రజనును వడగట్టే ఫిల్టర్ సూదితో లాగి, ఇచ్చే ముందు సూది మార్చాలి.

విద్యార్థులు తడబడేది మాత్రం రెండు ఇన్సులిన్లు ఒకే సిరంజిలో కలిపేటప్పుడు. 10 యూనిట్ల రెగ్యులర్ (త్వరగా పనిచేసే తేట ఇన్సులిన్), 20 యూనిట్ల ఎన్‌పీహెచ్ (నిదానంగా పనిచేసే, మబ్బుగా ఉండే ఇన్సులిన్) కావాలనుకోండి. ఎన్‌పీహెచ్ వయల్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి, కుదపకండి. దానిలోకి 20 యూనిట్ల గాలి ఎక్కించండి, సూది మందుకు తగలకూడదు. తర్వాత రెగ్యులర్‌లోకి 10 యూనిట్ల గాలి ఎక్కించి, వెంటనే 10 యూనిట్లు తీయండి. చివరగా ఎన్‌పీహెచ్‌ను సరిగ్గా 30 గీత దాకా లాగండి.

తేటది ముందు, మబ్బుగా ఉన్నది తర్వాత. ఎందుకంటే ఎన్‌పీహెచ్ చుక్క రెగ్యులర్ వయల్‌లో పడితే రెగ్యులర్ పనిచేసే వేగం మందగిస్తుంది. 30 గీత దాటిందా, ఎక్కువైనది వెనక్కి నెట్టకండి. సిరంజి మొత్తం పారేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ కూడా తేటగానే ఉంటుంది గానీ, దాన్ని దేనితోనూ కలపకూడదు.