విరేచనం నల్లగా అవుతోందా? గ్యాస్ అనుకుని వదిలేయకండి

ప్రశ్న: నా వయసు 47. గాజువాకలో ఉంటాను, షిఫ్ట్ డ్యూటీ. ఏడాదిగా కడుపులో మంట, పుల్లటి తేన్పులు. మెడికల్ షాపులో ఇచ్చిన పాంటాప్రజోల్ వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వాడుతున్నాను. వారం నుంచి విరేచనం నల్లగా అవుతోంది, కాస్త నీరసం. గ్యాస్ రాకుండా ఏం తినాలి? ఆవకాయ మానేయాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆవకాయ సంగతి తర్వాత. మీరు చివర్లో మామూలుగా రాసేసిన నల్లటి విరేచనం గురించే నా భయం. ఐరన్ బిళ్లలు వాడినా మలం నల్లబడుతుంది. అవేమీ లేకుండా తారులా, జిగటగా, భరించలేని వాసనతో వస్తుంటే మాత్రం అల్సర్ (కడుపులో పుండు) నుంచి రక్తం కారుతోందేమో చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదేనని చెప్పలేను. కానీ వారం ఆగారు, ఇంకొక్క రోజు కూడా ఆగకండి. కేజీహెచ్‌కో, ఎండోస్కోపీ (కెమెరా గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష) ఉన్న వేరే ఆసుపత్రికో ఈరోజే వెళ్లండి. కళ్లు తిరిగినా, కాఫీ పొడిలాంటి వాంతి అయినా 108కి ఫోన్ చేయండి, బండి మీద బయల్దేరకండి.

డైక్లోఫెనాక్ ఇప్పుడే ఆపండి. దాని బదులు ఐబుప్రొఫెన్ వద్దు, రెండూ ఒకే తాను ముక్కలు. 'అన్నం తిన్నాకే వేసుకుంటున్నా కదా సార్' అని ఓపీలో రోజూ వింటాను. ఈ మందు రక్తంలో కలిశాక కూడా కడుపు లోపలి పొర రక్షణను తగ్గిస్తుంది, తిన్నాక వేసుకున్నంత మాత్రాన ముప్పు తప్పదు. షాపువాళ్లు నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క అక్కడే ఉండిపోతుంది. మా దగ్గరికి ఉత్త వెండి కాగితం వస్తుంది, అది ఏ మందో తెలియదు! గుండెకు ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి.

అల్సర్ అంటే కారం, టెన్షన్ అనుకుంటారు. ఎక్కువగా కారణం నొప్పి బిళ్లలు లేదా హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఆ బ్యాక్టీరియా ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల మందుల కోర్సు ఇస్తారు. మంట తగ్గిందని మధ్యలో మానేయకూడదు.

ఆవకాయతో అల్సర్ రాదు. మంట పెరుగుతుంటే కొన్నాళ్లు పక్కన పెట్టండి. పాంటాప్రజోల్ టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి, ఎన్నాళ్లన్నది రిపోర్టు చూసిన డాక్టర్ చెబుతారు. ఆసుపత్రికి ఏమీ తినకుండా వెళ్లండి, ఎండోస్కోపీకి కడుపు ఖాళీగా ఉండాలి. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి.