వాయించని వీణకి రోజూ పూజ చేయాలా?

మీ అత్తగారి వీణ మీ ఇంటికొచ్చింది, వాయించేవాళ్లు లేరు, రోజూ పసుపు కుంకుమ పెట్టి పూజ చేయకపోతే దోషమా అని అడిగారు. మాది రాయగడ. అమ్మ వీణ నేర్పేది, ఇంట్లో ఉన్నది బొబ్బిలి వీణ. మా ఇంట్లో జరిగేది చెప్తాను.

రోజూ పూజ లేదు. ముట్టుకునేముందు కళ్లకద్దుకోవాలి, కాలు తగలకూడదు, దాటకూడదు. అంతే. దసరాల్లో మూలా నక్షత్రం నాడు సరస్వతి పటం ముందు పెట్టి, విజయదశమికి తీసి కాసేపైనా వాయించాలి. ఒడిశాలో ఉన్నాం కాబట్టి వసంత పంచమి కూడా ఉంటుంది. ఇక్కడ ప్రతి స్కూల్లో ఆ రోజు సరస్వతి పూజే. చిన్నపిల్లలకి అక్షరాభ్యాసం చేస్తారు, పెద్దపిల్లలు పుస్తకం ముట్టరు. పక్కింటి ఒడియావాళ్ల హార్మోనియం, తబలా పక్కన మా వీణ కూడా పూజలో కూర్చునేది. సాధన ఉండదు కాబట్టి నాకు ఆ పండగంటే మహా ఇష్టం!

పసుపు కుంకుమ విషయంలో మాత్రం జాగ్రత్త. బొట్టు కుండ మీద, అంటే వీణకి గుండ్రంగా ఉండే పెద్ద భాగం మీద పెట్టండి, చాలు. వీణకి 24 మెట్లుంటాయి, అంటే స్వరాల కోసం తీగని నొక్కే లోహపు పట్టీలు, అవన్నీ మైనంలో కూర్చినవి. మైనానికి పసుపు అంటితే ఓ పట్టాన వదలదు. తడిపూలు వేస్తే తీగలు తుప్పుపడతాయి. దీపం సెగ తగిలితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది, ఇక ఏ స్వరమూ దాని చోట పలకదు. మళ్లీ మేళం కట్టించాలంటే, అంటే మెట్లన్నీ సరైన చోట మైనంలో కూర్పించాలంటే, మాకు పార్వతీపురం మీదుగా బొబ్బిలి రైలే గతి. ఒకే పనసదుంగని తొలిచి వీణ చేసే పనివాళ్లు ఆ పక్కన గొల్లపల్లిలో ఉన్నారు.

సాధన ఎగ్గొట్టే పిల్లలకి అమ్మ యాజ్ఞవల్క్య స్మృతి శ్లోకం చదివేది, ‘వీణావాదన తత్త్వజ్ఞః’ అని. వీణ వాయించడంలో తత్త్వం, శ్రుతి, తాళం తెలిసినవాడికి ప్రయాస లేకుండానే మోక్షమార్గం దొరుకుతుందట. పూజ చేసినవాడికి అని అందులో లేదు. నా లెక్కలో మూలపడిన వీణకి రోజూ అగరొత్తి వెలిగించడం కంటే దాన్ని పలికించడమే భక్తి.

కాబట్టి టెన్షన్ వద్దు. ప్రస్తుతానికి తీగలు కాస్త వదులు చేసి, నూలుగుడ్డ కప్పి, ఎండ తగలని చోట పెట్టండి. నేర్చుకునే పిల్లకి ఇచ్చేసినా దోషం లేదు, తాంబూలంతో ఇవ్వండి. అత్తగారి గుర్తని మనసు ఒప్పకపోతే, ఆ పిల్లనే మీ ఇంటికొచ్చి సాధన చేసుకోమనండి. వాయించే ముందు తీగలు మాత్రం కొత్తవి వేయించండి.