ఆరాధనలో సినిమా వేయొచ్చా?

ఆదివారం ఆరాధనలో ప్రసంగానికి బదులు యేసు జీవితం మీద తీసిన సినిమానో సిరీస్ ఎపిసోడో వేయొచ్చా అన్నది ప్రశ్న. నా మట్టుకు నేను వద్దంటాను. సినిమా చెడ్డదని కాదు. లూకా సువార్త ఆధారంగా 1979లో వచ్చిన 'జీసస్' చిత్రం ద్వారా ఎన్నో భాషలవాళ్లు సువార్త విన్నారు.

ఆరాధనలో జరిగేది వేరు. పౌలు తిమోతికి చెప్పింది చదవడం, హెచ్చరించడం, బోధించడం గురించి (1 తిమోతి 4:13). సంఘమంతా పాడుతుంది, ప్రార్థిస్తుంది, ఆమేన్ అంటుంది. లైట్లు ఆర్పి తెర వెలిగించగానే అందరం ప్రేక్షకులమైపోతాం.

ఇంకో చిక్కు, కల్పన. యేసు జీవితం మీద తీసిన 'ది చోజెన్' సిరీస్‌లో ఆయన శిష్యుడు పేతురు భార్య పేరు ఈడెన్. బైబిల్లో పేతురు అత్త జ్వరంతో పడుకుందని ఉంది (మార్కు 1:30), భార్య పేరు మాత్రం ఎక్కడా లేదు. కథకి అలాంటివి కావాలి, తప్పు లేదు. కానీ వాక్యం చదివే చోటే అది చూపిస్తే, ఏది లేఖనమో ఏది రచయిత ఊహో పిల్లలకి ఎలా తెలుస్తుంది? ఆ నటుడి ముఖమే యేసు ముఖమై మనసులో నిలిచిపోతుంది, ప్రార్థనలో కళ్లు మూసుకున్నా అదే కనిపిస్తుంది.

ప్రసంగం మధ్యలో రెండు నిమిషాల క్లిప్పుకి నాకు పెద్దగా అభ్యంతరం లేదు. పూర్తి సినిమా అయితే శనివారం సాయంత్రం యూత్ మీటింగ్‌లో వేసి, తర్వాత బైబిళ్లు తెరిచి మాట్లాడుకోండి. ప్రదర్శనకి అనుమతి కావాలేమో ముందే చూసుకోండి.