మంచం మీద ఆయన, లంకలో అమ్మ

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా వారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట కూడా సరిగ్గా రాదు. స్నానం, తిండి, మంచం మీద తిప్పడం అన్నీ నేనే. నీళ్ళు తాగితే పొలమారుతోంది. మా అమ్మ గోదావరి మధ్య లంక ఊళ్ళో ఒక్కతే ఉంటుంది, బీపీ ఉంది, ఎంత పిలిచినా రానంటుంది. తమ్ముడు కువైట్‌లో, మా అమ్మాయి హైదరాబాదులో. వాన పట్టిందంటే నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. వాళ్ళకి చెబితే టెన్షన్ పడతారని ఏమీ చెప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెప్పండమ్మా, ముందు వాళ్ళిద్దరికీ చెప్పండి. ఫోన్ చేసినప్పుడల్లా మీరు "బాగానే ఉన్నాం" అంటుంటే దూరాన ఉన్నవాళ్ళు అదే నిజమనుకుంటారు. ఊరికే బాధ చెప్పుకోవడం కాదు, ఎవరి పని వాళ్ళకి అప్పజెప్పండి. అమ్మమ్మకి రోజూ ఫోన్ చేసి మాత్ర వేసుకుందో లేదో కనుక్కోవడం మీ అమ్మాయి పని. పొద్దున్నే వచ్చి ఆయన్ని లేపి స్నానం చేయించడానికి ఊళ్ళో ఒక మనిషిని కుదుర్చుకుని, ఆ జీతం మీ తమ్ముణ్ణి పంపమనండి. అడగడానికి మొహమాటపడకండి, అక్కడున్నది అతని తల్లి కూడా.

ఇక వరద. గోదావరి మన మీదకి చెప్పకుండా రాదు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, ఆ నీళ్ళు తర్వాత ధవళేశ్వరం చేరతాయి, అక్కడ 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంకకి దారైన కాజ్‌వే మునిగాక పడవ కోసం చూడాల్సి వస్తుంది కాబట్టి మీరు ధవళేశ్వరం కబురు కోసం ఆగకండి, భద్రాచలంలో మొదటి హెచ్చరిక వినగానే అమ్మ బయల్దేరిపోవాలి, ఏ ఆటో వెళ్ళాలో, ఎవరు ఎక్కించాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. మందులు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒక సంచిలో సర్ది ఉంచమనండి. ఆవిడ రానంటున్నది బహుశా అల్లుడింట్లో ఉండటం నామోషీ అనుకుని. "ప్రమాదం, వచ్చెయ్" అంటే కదలరు. "ఆయన దగ్గర కూర్చోడానికి మనిషి లేదమ్మా, నాకు సాయం రా" అనండి, అబద్ధం కూడా కాదు కదా.

ఆయన విషయంలో పొలమారడం అన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పక్షవాతంలో మింగడం దెబ్బతింటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. డాక్టరుకి ఈ వారమే చెప్పండి. ఈలోగా పడుకోబెట్టి ఏదీ పట్టకండి, నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టి, ఆ తర్వాత అరగంట అలాగే కూర్చోనివ్వండి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, భుజం కీలు జారుతుంది. నడుము కింద పాత దుప్పటి మడతపెట్టి వేసి, రెండో మనిషి ఉన్నప్పుడు ఇద్దరూ చెరో వైపు పట్టుకుని జరిపితే ఆయన చర్మం రాపిడి కాదు, మీ నడుమూ మిగులుతుంది. వీపు కింది ఎముక దగ్గర, మడమల దగ్గర రోజూ చూడండి, ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. ఆయన ఊరికే ఏడుస్తున్నా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక గోడవైపు తిరిగి పడుకుంటున్నా అది మొండితనం కాదు, పక్షవాతం తర్వాత దిగులు చాలామందికి వస్తుంది, దానికి మందులున్నాయి.

ఇంకోటి, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాతం రోగులకి రాష్ట్ర ప్రభుత్వం నెలకి 15,000 రూపాయల పెన్షన్ ఇస్తోంది. దానికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతుందో ప్రభుత్వ డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం, కావాలి. గ్రామ సచివాలయంలో అడిగి ఆ పరీక్షకి స్లాట్ పెట్టించండి, ఆయన కదల్లేని స్థితిలో ఉన్నారని ముందే చెప్పండి. మీరు క్యూలో నిలబడక్కర్లేదు, కాగితాలిచ్చి అమ్మాయిని వచ్చినప్పుడు పంపండి.