ఏమీ జరగని రిటైర్మెంట్ నవల ఎందుకు చదవాలి?

రిటైరైన దంపతుల రోజువారీ బతుకు మీద రాసిన నవలలు బోరు కదా, కథే నడవదు కదా అని అడిగారు. కథ నడుస్తుందండీ. కాకపోతే వంటింటికీ హాలుకీ మధ్య నడుస్తుంది.

మా ఎదురింటాయన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. 2021లో తెలంగాణలో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచితే ఆయన స్వీట్లు పంచారు. వాళ్లావిడ మాత్రం మా ఆవిడతో, "హమ్మయ్య, ఇంకో మూడేళ్లు మధ్యాహ్నాలు నావే" అన్నదట. మంచి నవలకి ఆ ఒక్క మాట చాలు.

మగవాడు ఆఫీసుకి పోయిన అన్నేళ్లలో ఇల్లాలు తన రోజుని తనకి నచ్చినట్టు అమర్చుకుని ఉంటుంది. అంట్లు అయ్యాక పేపరు, భోజనమయ్యాక కునుకు, ఎండ తగ్గాక మేడ మీద కబుర్లు. రిటైరైన మొగుడు సరిగ్గా దాని మధ్యలో కుర్చీ వేసుకుంటాడు. ఫ్రిజ్ తెరిచి ఈ గిన్నెలో ఏముంది, ఎప్పటిది అని ఆరా తీస్తాడు. "ఇది మీ సెక్షన్ కాదు" అని మా ఆవిడ గిన్నె లాక్కుని తలుపు వేసేసింది.

నేను కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ని. ఏటా నవంబరులో బతికే ఉన్నానని జీవన్ ప్రమాణ్ ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి రెప్పలార్పితే సరిపోతుంది. ఫోన్ పట్టుకునేది మా ఆవిడే. "ఆర్పమన్నప్పుడు ఆర్పరు, వద్దన్నప్పుడు ఆర్పుతారు, ఏ పనైనా ఇంతే" అంటుంది. అంతే, పాత పద్దులన్నీ బయటికొస్తాయి. బయటివాళ్లకి అది ఐదు నిమిషాల పని, రాయడం తెలిసినవాడికి ఒక అధ్యాయం.

అలాగని ఈ నవలలన్నీ బాగుంటాయని అనను. అమెరికాలో కొడుకు, పార్కు బెంచీ, మోకాళ్ల నొప్పులు, మధ్యమధ్యలో కాఫీ తెచ్చే భార్య, చివర్లో ఇద్దరిలో ఒకరు పోవడం. ఇలాంటివి సగంలోనే పక్కన పెట్టేస్తాను. ముఖ్యంగా ఆ చావు. ముగింపు తోచక చంపేస్తారని నా అనుమానం. నవలలో భార్యకి భర్తతో చెప్పని ఆలోచన ఒక్కటైనా ఉందా అని చూడండి. ఉంటే చదవండి.

ముందే కొనక్కర్లేదు. హైదరాబాదులో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఓ ఇరవై పేజీలు తిరగేస్తే తెలిసిపోతుంది. కొనాలనిపిస్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి. బేరం మాత్రం గట్టిగా ఆడాలి.